పందెం పడ్డాక

ఈ కాలమిస్టు ఈ వారం ఒక ఆట మధ్యలో లేచి వీధి అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాడు. పండక్కి గుడివాడ దగ్గరి సొంతూరికి చేరిన చుట్టాల్లో కొందరు అది చూసి, పొలం పంపకాల దగ్గర మాటామాటా వచ్చిందేమో అనుకున్నారు. వచ్చింది వైకుంఠపాళి దగ్గర.

చెల్లెలి కూతురు హైదరాబాద్‌లో ఒక వీడియో గేమ్‌ల కంపెనీలో డిజైనర్. సెలవుల్లో తను సొంతంగా తయారు చేసుకుంటున్న వైకుంఠపాళిని టాబ్‌లో పెట్టి మావయ్య చేత ఆడించింది. రెండుసార్లు పాము మింగి అడుగు వరసకు జారిన మావయ్యకు, మూడోసారి సరిగ్గా కావలసిన అయిదు పడింది. పొడుగాటి నిచ్చెన. చుట్టూ చేరిన పిల్లలు కేకలేశారు, ఆయనా వాళ్లతో సమానంగా కేకేశాడు. అప్పుడా అమ్మాయి నెమ్మదిగా చెప్పింది: "ఆ అయిదు ఊరికే పడలేదు మావయ్యా. బాగా వెనకబడ్డవాళ్లకి నిచ్చెన దగ్గర పాచిక కాస్త మొగ్గుతుంది. నేనే అలా పెట్టాను."

అంతే, నిచ్చెన ఎక్కిన ఆనందం కాస్తా ఆవిరైపోయింది. తనకు దక్కిందనుకున్నది ఎవరో జాలిపడి చేతిలో పెట్టిందని తెలిసినప్పుడు మనిషికి కలిగే బాధ చిన్నది కాదు. అందుకే ఆ అరుగు.

ఈ శీర్షికను మొదట్నించీ చదువుతున్నవాళ్లకు కాలమిస్టు పాత పట్టుదల తెలుసు. పాచికకు కళ్లు ఉండకూడదు, బంధుప్రీతి అసలే ఉండకూడదు అన్నది ఆయన ఇక్కడ కనీసం అరడజను సార్లు రాసిన మాట. అందుకు ఆయన చూపే సాక్ష్యం ఎప్పుడూ వైకుంఠపాళే. తాతకూ అయిదేళ్ల మనవరాలికీ ఒకటే పాచిక, ఒకటే పాము. పరమపదానికి కూతవేటు దూరంలో నోరు తెరుచుకుని ఉండే ఆ పెద్ద పాము ఎవరి వయసూ చూడదు, ఎవరు ఎన్ని నిచ్చెనలు ఎక్కి వచ్చారో లెక్కపెట్టదు. ఆ పటం గీసినవాళ్ల ఉద్దేశమూ అదే. నిచ్చెనలు పుణ్యాలు, పాములు పాపాలు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అది ఇంగ్లండు చేరి పిల్లల ఆటగా మారింది. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ పాముల్ని తీసేసి, వాటి స్థానంలో జారుడుబల్లలు పెట్టింది. ఆట అదృష్టం మీదే నడవడం మాత్రం ఎక్కడా మారలేదు.

1993లో కొందరు గణితవేత్తలు ఆ ఆట మీద ఒక పరిశోధన పత్రమే రాశారు. నూరు గడుల బోర్డు మీద ఒక మనిషి పై గడి చేరడానికి సగటున 40 పందేల దాకా పడతాయని తేల్చారు. దానికంటే చిత్రమైన సంగతి ఇంకొకటి ఉంది. బోర్డుకు ఒక పామును అదనంగా చేరిస్తే ఆట పొడుగవ్వాలి కదా, ఒక్కోచోట పొట్టిదవుతుంది. చేజారిపోయిన పెద్ద నిచ్చెన కిందికి ఆ పాము మనల్ని తిరిగి తెచ్చి వదులుతుంది, రెండో అవకాశం దొరుకుతుంది. కాలమిస్టుకు ఈ సంగతి మహా ఇష్టం. పాచికను ఎవరూ తాకకపోయినా పటంలోనే దయ ఉండగలదనడానికి ఇంతకంటే మంచి రుజువు ఆయనకు దొరకలేదు.

మేనకోడలు అరుగు మీదికొచ్చి పక్కన కూర్చుంది. చేతిలో వేడి వేడి అరిసె, నోటి నిండా వాదన.

ఆమె ముందు టెట్రిస్ ఎత్తుకుంది. 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ తయారు చేసిన ఆట, ఏడు రకాల ముక్కలు. ఏ ముక్క ఎప్పుడు రావాలో పూర్తిగా అదృష్టానికే వదిలేస్తే ఏమవుతుందో 1997లో హైడీ బర్గీల్ అనే గణితవేత్త లెక్క కట్టి చూపించింది. ఎస్, జెడ్ ఆకారాల ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి వస్తూ ఉంటే, ఎంత నేర్పరి అయినా 70,000 ముక్కల్లోపు ఓడిపోక తప్పదు. నిజంగా కళ్లులేని పాచిక అయితే, ఆడుతూ పోయేవాడికి ఎప్పుడో ఒకప్పుడు అలాంటి వరస వచ్చే తీరుతుంది. అంటే ఆటగాడు ఎంత నేర్చుకున్నా, ఎక్కడో అనంతంలో వాడి ఓటమి రాసిపెట్టే ఉంది. తర్వాత వచ్చిన టెట్రిస్‌లు చాలావరకు పద్ధతి మార్చుకున్నాయి. ఏడు ముక్కల్నీ ఒక సంచిలో వేసి కలిపి ఒక్కొక్కటే తీస్తాయి, సంచి ఖాళీ అయ్యాకే మళ్లీ నింపుతాయి. అలాగైతే నిలువు కర్ర కోసం ఎదురుచూసేవాడికి మధ్యలో అడ్డొచ్చే ముక్కలు మహా అయితే పన్నెండు.

"అది మోసమా మావయ్యా?" అని అడిగింది. కాదని ఒప్పుకోవలసి వచ్చింది. పేక కలిపి పంచడం లాంటిదే అది. పేకలో ఆసు ఒకసారి పడ్డాక అదే ముక్క మళ్లీ రాదు, దాన్ని ఎవరూ మోసం అనరు.

సిడ్ మైయర్ కథ మాత్రం అంత తేలిగ్గా మింగుడు పడలేదు. సివిలైజేషన్ ఆటల రూపకర్త ఆయన. 2010లో తోటి డిజైనర్లకు ఇచ్చిన ప్రసంగంలో, ఆటగాళ్ల చేత ఆడించి చూసినప్పుడు ఎదురైన అనుభవం చెప్పాడు. బలం మూడింతలు ఉన్న సైన్యం ఓడిపోతే జనం ఒప్పుకోలేదు. నాలుగింట ఒకసారి ఓడిపోవడం లెక్క ప్రకారం న్యాయమే. కానీ అదే ఆటగాడు మూడోవంతు బలంతో గెలిస్తే మాత్రం తన తెలివి వల్లే అనుకున్నాడు. బలం రెండింతలున్నా వరసగా రెండు యుద్ధాలు ఓడితే ఆట చెడిపోయిందన్నాడు. చివరికి మైయర్ బృందం గత యుద్ధం ఫలితాన్ని కూడా లెక్కలోకి తీసుకునేలా పాచికను మార్చింది. జపాన్ ఆట ఫైర్ ఎంబ్లెమ్ ఇంకో దారి పట్టింది. 2002 నుంచి వచ్చిన చాలా భాగాల్లో అది ఒక అంకె బదులు రెండు అంకెలు తీసి సగటు చూస్తుంది. తెర మీద 90 శాతం అని కనిపించే దెబ్బ నిజానికి 98 శాతం దాకా తగులుతుంది, 10 శాతం అని చూపించింది రెండు శాతమే తగులుతుంది. మనుషులు తొంభైని ఎలా ఊహించుకుంటారో దానికి తగ్గట్టు లెక్కనే వంచారు.

కాలమిస్టు ఇక్కడ గట్టిగానే అడ్డం పడ్డాడు. తెర మీద ఒకటి రాసి లోపల ఇంకొకటి చేయడం సంతలో తూకం రాళ్ల వ్యవహారమే, అది కొనేవాడికి లాభమైనా సరే. ఈ మాట ఆయన ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు.

వాదన అక్కడే ఆగిపోయి ఉండేది, పిన్ని ఒక పాత డబ్బా తీసుకురాకపోతే. అందులో చింతపిక్కలు ఉన్నాయి.

పట్నాల్లో పెరిగిన పిల్లల కోసం చెప్పాలి. అష్టాచెమ్మాకు గవ్వలు లేని ఇళ్లలో నాలుగు చింతపిక్కలు తీసుకుని, ఒకవైపు గరుకు రాయి మీద నల్ల తోలు పోయేదాకా అరగదీస్తారు. తెల్లవైపు ఎన్ని పైకి పడితే అన్ని గడులు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగు. ఒక్కటీ తెల్లగా పడకపోతే అష్టా, ఎనిమిది. ఆ రెండింటిలో ఏది పడినా ఇంకో పందెం. కాలమిస్టు చిన్నతనంలో వేసవి మధ్యాహ్నాలన్నీ ఈ ఇంటి నడవాలోనే గడిచాయి. నాపరాయి మీద సుద్దముక్కతో గీసిన అయిదు నిలువు, అయిదు అడ్డం గడులు. ఇంటూ గుర్తు వేసిన గడిలో కాయ ఉంటే దాన్ని ఎవరూ చంపలేరు. అమ్మమ్మ తమలపాకుల పళ్లెం పక్కన పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. ఆమె ఆడేది తక్కువ, తగువులు తీర్చేది ఎక్కువ. "మూడోసారి పడితే మురిగిపోయింది, అన్నీ పోయాయి, తీయ్" అనేది. వరసగా మూడుసార్లు ఎనిమిదో నాలుగో పడితే ఆ పందేలన్నీ రద్దు. అప్పుడు ఏడ్చిన పిల్లల్లో ఈ కాలమిస్టు ఒకడు.

ఆ పిక్కలు ఎలా పడాలో లెక్క వేస్తే చాలా అందంగా ఉంటుంది. ఒక్కో పిక్క అటూ ఇటూ సమానంగా పడుతుందనుకుందాం. నాలుగు పిక్కలు పదహారు రకాలుగా పడొచ్చు. అందులో రెండు పడేవి ఆరు, ఒకటి పడేవి నాలుగు, మూడు పడేవి నాలుగు, చెమ్మా ఒకటి, అష్టా ఒకటి. ఆరు ముఖాల పాచికలో ఒకటీ ఆరూ సమానం. పిక్కల్లో అలా కాదు, రెండు ఇంటి మనిషిలా మాటిమాటికీ వస్తుంది, ఎనిమిది ఎప్పుడో దర్శనమిస్తుంది. సగటు పందెం రెండున్నర. అందుకే అష్టాచెమ్మా బాగా తెలిసినవాళ్లు శత్రువు కాయకు రెండు గడుల ముందు నిలబడరు. ఆ సంగతి ఎవరూ వాళ్లకు లెక్క చేసి చెప్పలేదు. వందసార్లు చచ్చిన కాయలే చెప్పాయి.

ఇంతలో పిన్ని డబ్బాలోంచి రెండు మూటలు విప్పింది. రెండింటిలోనూ నాలుగేసి పిక్కలు. "ఇవి పెద్దాళ్లవి, ఇవి మీవి" అంది. పిల్లల పిక్కల్ని అమ్మమ్మ వేరే రకంగా అరగదీసేదట. ఎనిమిది కాస్త ఎక్కువగా పడేలా. "లేకపోతే మీ ఆట పొద్దుపోయినా తెమిలేది కాదురా. అన్నాలకు లేవరు" అని పిన్ని మామూలుగా చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

కాలమిస్టు కాసేపు మాట్లాడలేకపోయాడు. మేనకోడలు మాత్రం ఫోన్లో లెక్క మొదలుపెట్టింది. ఒక్కో పిక్క నల్లవైపు పైకి పడే అవకాశం సగం నుంచి 60 శాతానికి జరిగితే చాలు, అష్టా పడే అవకాశం రెట్టింపు దాటుతుంది. పదహారింట ఒకటి కాస్తా దాదాపు ఎనిమిదింట ఒకటి అవుతుంది. దానికి బదులు చెమ్మా నలభై పందేలకొకటి అయిపోతుంది. రాయి మీద కాసేపు అటో ఇటో రుద్దితే వచ్చే తేడా అది. నిష్పక్షపాతానికి గుర్తుగా ఈయన ఇన్నాళ్లూ మనసులో దాచుకున్న ఆ పిక్కలు, వంటింటి గడియారం చూసుకుని సరిచేసినవి.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆయన మనసు, ఈ శీర్షికలో ఎప్పుడూ వెళ్లే చోటికే, నలుడి దగ్గరికి వెళ్లింది. పాచికల్లో రాజ్యం పోగొట్టుకుని, బాహుకుడి వేషంలో ఋతుపర్ణుడికి రథం తోలుతున్న నలుడు. దారిలో ఒక తాని చెట్టు. దాని కాయలే ఆనాటి పాచికలు. ఋతుపర్ణుడు రథం మీంచే చెట్టును చూసి, రెండు కొమ్మల మీద 2,095 కాయలున్నాయంటాడు. నలుడు నమ్మడు, దిగి లెక్కపెడతాడు. లెక్క సరిపోతుంది. అక్కడే ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం అనే పాచికల విద్య నేర్చుకుని, బదులుగా అశ్వహృదయం అనే గుర్రాల విద్య నేర్పుతానంటాడు. కెనడా తత్వవేత్త ఇయన్ హాకింగ్ సంభావ్యత చరిత్ర మీద 1975లో రాసిన పుస్తకంలో ఈ ఘట్టాన్ని ప్రత్యేకంగా ఎత్తిచూపాడు. ఒక రెమ్మ చూసి మొత్తం అంచనా కట్టడానికీ పాచికల విద్యకూ సంబంధం ఉందని ఆ కథ చెప్పినవాళ్లకు ఎలా తెలుసని ఆశ్చర్యపోయాడు. కాలమిస్టుకు ఆ రాత్రి కనిపించింది వేరు. తిరిగి వెళ్లి, తనను ఓడించిన పుష్కరుడితో ఆడినప్పుడు నలుడి మీద ఎవరూ జాలిపడి పాచిక మొగ్గేలా చేయలేదు. మారింది నలుడే.

ఆటలో ముందుకు పోవడం అంటే కాయ ముందుకు పోవడమా, మనిషి ముందుకు పోవడమా? వైకుంఠపాళిలో కాయ ఒక్కటే కదులుతుంది. వెయ్యిసార్లు ఆడినవాడికీ నిన్న నేర్చుకున్నవాడికీ అక్కడ తేడా లేదు, ఎందుకంటే పందెం పడ్డాక చేయడానికి ఏమీ మిగలదు. అష్టాచెమ్మాలోనూ పందెం అదృష్టమే. కానీ పడ్డాక నాలుగు కాయల్లో దేన్ని నడపాలో ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి. పైగా చచ్చినా చచ్చేది ఒక కాయే, అంటే మహా అయితే 24 గడుల నడక. మిగతా మూడు కాయలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఒక్క దెబ్బకు బతుకంతా అడుక్కి పోదు. శత్రువు కాయను ఒక్కదాన్నైనా చంపందే లోపలి గడుల్లోకి రాకూడదని అమ్మమ్మ పెట్టిన నియమం కూడా ఇందుకేనని ఇప్పుడు అర్థమవుతుంది. ఉత్త అదృష్టంతో ఎవరి కాయా పండడానికి వీల్లేదు.

అమెరికాలో మెగా క్రిట్ వాళ్లు తయారు చేసి 2019లో పూర్తిగా విడుదల చేసిన స్లే ద స్పైర్ అనే పేకముక్కల ఆట కూడా ఈ దారిదే. ఏ ముక్కలు చేతికొస్తాయో అదృష్టం. కానీ శత్రువు ఈసారి ఏం చేయబోతున్నాడో ముందే తల మీద చూపిస్తుంది, ఆ తర్వాతే మనం ముక్క వేస్తాం. ఇందులోనూ జాలి ఉంది. పోరాటం గెలిచాక మందు సీసా దొరికే అవకాశం 40 శాతంతో మొదలవుతుంది. దొరక్కపోతే తర్వాతిసారికి పది పెరుగుతుంది, దొరికితే పది తగ్గుతుంది. అయినా ఆ సీసా వల్ల గెలిచామని ఎవరికీ అనిపించదు. దాన్ని ఎప్పుడు తాగాలో తేల్చుకోవలసింది ఆడేవాళ్లే.

ఇక పాచిక నిజాయితీగా ఉంటే చాలన్న పాత నమ్మకానికి ఎదురుదెబ్బ ఇంకో వైపు నుంచి వచ్చింది. 2020లో వచ్చిన చైనా ఆట గెన్‌షిన్ ఇంపాక్ట్‌లో డబ్బు పెట్టి తిప్పే చీటీకి అయిదు నక్షత్రాల పాత్ర దొరికే అవకాశం 0.6 శాతం. ఎంత దురదృష్టవంతుడికైనా 90వ చీటీకి తప్పక దొరుకుతుంది. ఈ లెక్కలు ఆటలోనే రాసి ఉంటాయి. 2017 నుంచి చైనాలో ఇలాంటి అవకాశాలు బయటపెట్టడం తప్పనిసరి. ఇచ్చిన హామీ తప్పదు. కానీ 70 చీటీలు తిప్పినవాడిని ఇంకో ఇరవైకి లాక్కుపోయేది ఆ 90 అనే హామీయే. చీటీ తిరిగాక వాడు చేయగలిగింది ఒక్కటే, ఇంకో చీటీ తిప్పడం. జాలి కూడా అమ్మకానికి వచ్చిన చోటు అది. ఇలాంటి చీటీలతో ఒక సెట్టు పూర్తి చేస్తేనే బహుమతి దక్కే పద్ధతిని జపాన్ 2012లోనే చట్టవిరుద్ధమంది. తెర మీది అంకెకూ లోపలి అంకెకూ పొంతన లేని ఫైర్ ఎంబ్లెమ్ కంటే, అంకెలు బయటపెట్టిన ఈ ఆట ఎక్కువ మందికి చేటు చేయగలదని ఒప్పుకోవడం ఈ కాలమిస్టుకు కష్టమైంది. ఒప్పుకోక తప్పలేదు.

పందెం పడ్డాక ఆడేవాళ్లు ఏం చేయగలరన్నదే మన కోర్టులూ చూశాయి. 1960ల్లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లినప్పుడు, రమ్మీలో ముక్కలు పడడం అదృష్టమే అయినా ఏది ఉంచాలో ఏది పారేయాలో తేల్చుకోవడంలో నేర్పు ఉందని, అది ప్రధానంగా నేర్పు ఆటేనని కోర్టు చెప్పింది. పందెం పడ్డాక పని ఉందా అన్నదే అక్కడి ప్రశ్న. ఆ తీర్పు నీడలోనే ఆన్‌లైన్ రమ్మీ పెరిగింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో దాన్ని నిషేధించాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టమైతే నేర్పా అదృష్టమా అని అడగడమే మానేసి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలన్నింటినీ ఒకే గాటన కట్టింది. నేర్పు ఉన్న ఆట కూడా ఇల్లు గుల్ల చేయగలదని చూశాకే ఆ మార్పు వచ్చింది. కాబట్టి పందెం పడ్డాక పని ఉండడం ఒక్కటే చాలదు. ఆ పందెం కోసం ఆడేవాళ్లు ఏం ఒడ్డుతున్నారో కూడా చూడాలి. అమ్మమ్మ నడవాలో ఒడ్డింది మధ్యాహ్నం నిద్ర మాత్రమే.

మర్నాడు పొద్దున్నే కాలమిస్టు మేనకోడలిని పిలిచి తన మాట చెప్పాడు. పాచికను మొగ్గేలా చేయడం తప్పని ఇక అనను. కానీ ఆ అయిదు నాకిచ్చి నన్ను నిచ్చెన ఎక్కించావు, ఎక్కడానికి నన్ను చేయనిచ్చిందేమీ లేదు. ఆమె వెంటనే ఎదురు చెప్పలేదు. పిన్ని ఇచ్చిన రెండు మూటల్లో పిక్కలు పక్కపక్కనే పెట్టుకుని చాలాసేపు విసిరి చూసింది. మధ్యాహ్నానికి టాబ్‌లో ఆట మారింది. మొగ్గే పాచిక తీసేసింది. దాని బదులు ఇప్పుడు రెండు పాచికలు పడతాయి, వాటిలో ఒకదాన్ని ఎంచుకుని కాయ నడపాలి.

అసలు వైకుంఠపాళికి ఇది ద్రోహమని కాలమిస్టులో ఇంకా ఒక మూల అనిపిస్తూనే ఉంది. ఎంచుకునే వీలు లేకపోవడమే ఆ పటం చెప్పదలచుకున్న సంగతేమో. అయిదేళ్ల మనవరాలు తాతను ఓడించగల చోటు ఇంట్లో అదొక్కటే. ఆ పాత పటాన్ని ఆయన గోడ మీంచి తీయలేదు. కానీ ఆడడానికి కూర్చుంది కొత్తదాని ముందే.

పెద్ద పాము నాలుగు గడుల దూరంలో ఉంది. ఒక్క పాచికైతే ఆరింట ఒకసారి మింగుతుంది. రెండు పాచికలతో, ముప్పై ఆరింట ఒక్కసారే తప్పించుకోలేం. నాలుగు, నాలుగు పడ్డాయి. పిల్లలు ఒక్కసారిగా ఆయన మొహంలోకి చూశారు. ఆయన కాయను తోక చివరి గడి దాకా జార్చి, చేయి తుడుచుకుని, నీ వంతు అని టాబ్‌ను మేనకోడలి వైపు తిప్పాడు.